పద్నాలుగో నంబరు తొట్టి

సోమవారం ఉదయానికి వాచీలాయన వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి: కాఫీ తాగడం, గేటు వెడల్పు కొలవడం, ఆ కొలత తీసుకెళ్ళి వడ్రంగికి ఇవ్వడం. ఎనిమిదీ ముప్పావుకల్లా మూడూ ముగించి తొమ్మిదింటికి దుకాణం తెరవాలని ఆయన ఉద్దేశం. ఇరవై ఆరేళ్ళుగా వాచీలు బాగుచేస్తున్న మనిషి కాబట్టి ఆయన పథకాల్లో నిమిషాలు కూడా ఉంటాయి. కాఫీ వరకు అంతా అనుకున్నట్టే జరిగింది.

కొలత ఎందుకంటే, తుంటి ఎముక విరిగి నెల్లాళ్ళుగా ఆసుపత్రిలో ఉన్న వాళ్ళమ్మ శుక్రవారం పదింటికి ఇంటికి రావాలి. చక్రాల కుర్చీలో రావాలి. ఎత్తకూడదు, వంచకూడదు, కుదుపు తగలకూడదు అని డాక్టరు మూడు వేళ్ళు చూపించి మరీ చెప్పాడు. గేటు నుంచి గుమ్మం దాకా ఒక చెక్క వాలుబల్ల వేస్తే కుర్చీ నేరుగా లోపలికి దొర్లిపోతుంది. అది కుదరకపోతే ఆవిడను తీసుకుపోవడానికి పొరుగూళ్ళో ఉన్న అక్క సిద్ధంగా ఉంది. సిద్ధమంటే మాటవరసకు కాదు, గదికి సున్నం కూడా వేయించింది. "నీ వల్ల కాదులే తమ్ముడూ" అని వారంలో నాలుగుసార్లు ఫోను చేసి గుర్తుచేస్తోంది. అమ్మ మాత్రం నా మంచం, నా కిటికీ, నా ఇల్లు అని పట్టుపట్టింది. వాచీలాయన అమ్మకు మాటిచ్చేశాడు. నోట్లో నాలుక లేనివాడని పేరుపడ్డ మనిషి అక్క మాటకు ఎదురు చెప్పడం యాభై ఏళ్ళలో అదే మొదటిసారి.

టేపు చేత్తో పట్టుకుని గేటు తోశాడు. బయటికి తెరుచుకునే గేటు అది. అడుగున్నర తెరుచుకుని ఠంగుమని ఆగిపోయింది.

పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, ఎలాగో బయటపడి చూశాడు. గేటు ముందు ఒక సిమెంటు తొట్టి ఉంది. గుండ్రంగా, మోకాలికి పైన, నడుముకి కింద ఆగే ఎత్తులో, కొత్తగా, ఖాళీగా ఉంది. ఆదివారం సాయంత్రం అది అక్కడ లేదు. దాని పొట్ట మీద ఎర్ర రంగుతో 14 అని అంకె రాసి ఉంది.

భార్య కూడా వచ్చి గేటు సందులోంచి తల పెట్టి చూసింది. "పక్కకి తోసెయ్యకూడదటండీ?"

"ఎవరిదో తెలుసుకోకుండా ఎలా ముట్టుకుంటాం? నంబరుంది చూడు. నంబరుందంటే కార్పొరేషను వాళ్ళది. మిగతా పదమూడూ ఊళ్ళో ఎక్కడెక్కడ పెట్టారో."

"మన ఇంటి నంబరు కూడా పద్నాలుగే కదండీ."

"అది కాకతాళీయం," అన్నాడు వాచీలాయన.

ఆయన సంగతి ఆవిడకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఎవరో బాగుచేయడానికిచ్చి మళ్ళీ రాని వాచీకి ఇప్పటికీ రోజూ కీ ఇస్తుంటాడు, అడిగితే "వాళ్ళది కదా" అంటాడు. పక్కవాడి నీడ తొక్కాల్సివస్తే అనుమతి అడిగే రకం. అందుకని ఆవిడ వాదించకుండా తన తమ్ముడికి ఫోను చేసింది.

ఆ తమ్ముడికి సరిగ్గా నగరపాలక సంస్థ కార్యాలయానికి ఎదురుగా జిరాక్సు దుకాణం ఉంది. ఆ కార్యాలయంలో కదిలే ప్రతి కాగితమూ తన మిషన్లోంచే పుడుతుంది కాబట్టి నగరపాలనంతా తనకు కరతలామలకమని అతని నమ్మకం. వచ్చీరాగానే చొక్కా చేతులు మడిచి తన అక్కతో కలిసి తొట్టిని తోశాడు. వాచీలాయన దేన్నీ ముట్టుకోకుండా సాక్షిలా నిలబడ్డాడు. తొట్టి కదల్లేదు గాని బావమరిది నడుము కదిలింది.

"ఇది చేతుల్తో అయ్యే పని కాదు బావా," అన్నాడతను నడుము పట్టుకుని. "కాగితంతో అయ్యే పని."

కార్యాలయంలో దరఖాస్తులు తీసుకునే గుమాస్తా వాచీలాయన చెప్పిందంతా ఓపిగ్గా విని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఏ తొట్టండీ?"

"సిమెంటు తొట్టండీ."

"సిమెంటు సంగతి కాదండీ. పూలతొట్టైతే ఉద్యానవనాలు, నీళ్ళతొట్టైతే నీటి సరఫరా, చెత్తతొట్టైతే పారిశుధ్యం, గొడ్లు నీళ్ళు తాగే తొట్టైతే ఆరోగ్యం. మీదేది?"

"ఖాళీ తొట్టండీ."

గుమాస్తా కలం కింద పెట్టేశాడు. "ఖాళీకి మా దగ్గర విభాగం లేదండీ."

"అయితే నేనే పక్కకి జరిపించుకోవచ్చాండీ?"

"నంబరుందంటున్నారుగా. నంబరున్నదాన్ని ముట్టుకుంటే ప్రజల ఆస్తికి నష్టం కలిగించినట్టే. మీరు పెద్దమనిషిలా ఉన్నారు, ఎందుకండీ మీకు."

వాచీలాయన బయటికి వచ్చి రోడ్డు దాటి జిరాక్సు దుకాణంలో కూలబడ్డాడు. బావమరిది అంతా విని నవ్వాడు.

"నువ్వు నిజం చెప్పావు బావా, అదే తప్పు. ఏ తొట్టో రాయకు. ఉత్త తొట్టి అని రాయి. ఎవడికి కావలసిన తొట్టి వాడు చదువుకుంటాడు. ఏడు విభాగాలకీ ఏడు కాపీలు పడేద్దాం. ఏడుగురిలో ఒక్కడైనా రాడా?"

"తొలగించమని రాయనా?"

"అలా రాస్తే మనమేదో హుకుం జారీచేసినట్టుంటుంది. 'తగు చర్య తీసుకోగలరు' అని రాయి. మర్యాదగా ఉంటుంది."

అలా ఆ దరఖాస్తు తయారైంది. "మా ఇంటి ముందు తొట్టి ఉన్నది. దయచేసి వెంటనే తగు చర్య తీసుకోగలరు." వాచీలాయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. వాటిని బావమరిది మిషను ఏడుసార్లు అచ్చుగుద్దింది. ఒక్కడైనా రాడా అనుకుని పంపిన కాగితానికి ఏడుగురూ వచ్చారు.

మంగళవారం ఉదయం తొలుత ఉద్యానవనాల వాళ్ళొచ్చారు. ముగ్గురు మనుషులు, రెండు గంపల మట్టి, ఒక మందారం మొక్క. వాచీలాయన పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చేసరికి మొక్క నాటడం అయిపోయింది. నాటినాయన చేతులు దులుపుకుంటూ ఒక చిన్న రేకుబోర్డు గుచ్చాడు. దాని మీద "ఈ మొక్కను కదిలించువారు శిక్షార్హులు" అని ఉంది.

"తీసెయ్యమనండీ నేను రాసింది," అన్నాడు వాచీలాయన నోట్లో నురుగుతో.

"తగు చర్య అని రాశారండీ. తొట్టికి తగు చర్య మొక్కే కదా."

మధ్యాహ్నానికి నీటి సరఫరా వాళ్ళు దిగారు. వీధి ఆ చివరి నుంచి గేటు దాకా జానెడు కాలువ తవ్వి, గొట్టం పరిచి, తొట్టి పక్కనే నిటారుగా ఒక ఇత్తడి కొళాయి నిలబెట్టారు. వాళ్ళ లెక్కలో తొట్టి అంటే నీళ్ళతొట్టి, నీళ్ళు లేని నీళ్ళతొట్టి మీద ఫిర్యాదు వచ్చిందంటే తమకు తలవంపులు. "మూడేళ్ళ నుంచి అడుగుతున్నా మా వంటింట్లోకి కొళాయి రాలేదండీ," అంది వాచీలాయన భార్య. "మీరు దరఖాస్తులో వంటిల్లు అని రాసుంటారమ్మా, వంటిల్లు మా పరిధి కాదు," అన్నాడు పైపుల మేస్త్రి.

సాయంత్రం ఆరోగ్య విభాగం. తొట్టి, తొట్టిలో తడి మట్టి, పైన బొట్టుబొట్టుగా కారే కొళాయి చూసి ఆరోగ్యాధికారిణి నిట్టూర్చి, దోమల నివారణ కింద ఇంటి యజమానికి నోటీసు రాసింది. వెంట వచ్చినవాడు పొగయంత్రం భుజానికెత్తుకుని ఇల్లంతా పొగబెట్టాడు.

"దోమలు లేవు కదండీ," అన్నాడు వాచీలాయన దగ్గుతూ.

"వచ్చాక మీరు చెప్పరండీ. అందుకే రాకముందే వచ్చాం," అందావిడ.

ఆ రోజు వడ్రంగి కూడా వచ్చాడు. తొట్టిని చూసి, కొళాయిని చూసి, పొగలోంచి బయటికి వస్తున్న వాచీలాయనను చూసి, "మీ పనులన్నీ అయ్యాక కబురు పెట్టండి" అని వెళ్ళిపోయాడు.

బుధవారం పారిశుధ్యం వంతు. వాళ్ళు ఉన్నంతలో మర్యాదస్తులు. తొట్టిలో అప్పటికే మొక్క ఉండడం చూసి, దాని జోలికి పోకుండా పక్కనే కొళాయి గొట్టానికున్న కొక్కేనికి ఒక ఇనపబుట్ట తగిలించి, "చెత్త ఇందులోనే వేయవలెను" అని రాసిపోయారు. ఏనాడూ ఏ ఆజ్ఞా పాటించని ఆ వీధి ఆ ఒక్క ఆజ్ఞను మాత్రం శిరసావహించింది. ఎదురింటావిడ రెండు వీధుల అవతల ఉన్న పుట్టింటి చెత్త కూడా తెచ్చి వేసింది.

వీధుల విభాగం వాళ్ళు తొట్టి నడుము చుట్టూ పసుపు, నలుపు పట్టీలు వేసి బాణం గుర్తు గీశారు. ఇకమీదట అందరూ తొట్టికి ఎడమవైపు నుంచే పోవాలట. ఇంట్లోకి దూరే అడుగున్నర సందు కుడివైపు ఉంది. పాల ప్యాకెట్టు తెస్తున్న వాచీలాయన భార్యను విజిలు ఊది ఆపారు.

"మా ఇంట్లోకి పోతున్నానండీ."

"పోండమ్మా, ఎవరు కాదన్నారు. ఎడమవైపు నుంచి పోండి."

"ఎడమవైపు గోడ ఉంది కదండీ."

"గోడ ప్రణాళికా విభాగానిదమ్మా. మాది రోడ్డు వరకే."

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఆ వెనకే ఇళ్ళ నంబర్ల గుమాస్తా చంకలో దస్త్రంతో వచ్చాడు. తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, డబ్బాలోంచి రంగు తీసి, దాని మీద 14/1 అని రాశాడు.

"ఇదేమిటండీ?" అన్నాడు వాచీలాయన. ఆయనకు అప్పటికే గొంతు పోయింది.

"కొళాయి కనెక్షనుంది, చెత్తబుట్టుంది, ముందు మొక్క ఉంది. ఇల్లు కాక మరేంటండీ? నివాసి పేరు చెప్పండి."

"ఎవరూ ఉండరండీ."

"మందారం అని రాసుకోండి," అంది భార్య విసుగ్గా. గుమాస్తా రాసుకున్నాడు. "తండ్రి పేరు?" అని అడిగితే, ఆవిడ సమాధానం చెప్పకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రమే ఆసుపత్రి నుంచి అమ్మ ఫోను చేసింది. కుశల ప్రశ్నలేమీ లేవు.

"ఒరేయ్ చిన్నాడా, గేటు దగ్గరేమన్నా వచ్చిందా?"

ఎవరో ఉప్పందించారనుకున్నాడు వాచీలాయన. ఎవరో ఏమిటి, ఎదురింటావిడ అక్కకు చెప్పుంటుంది, అక్క అమ్మకు చేరవేసుంటుంది. రోగి మనసుకు కష్టం కలిగే మాటలేవీ చెప్పవద్దని డాక్టరు చెప్పనే చెప్పాడు.

"గేటు దగ్గరా? గేటు దగ్గరేం లేదమ్మా. ఏమీ రాలేదు."

"ఏమీ రాలేదా?"

"చీమ కూడా రాలేదమ్మా. ఖాళీగా ఉంది. అద్దంలా ఉంది."

"సరేలే. మాటంటే లెక్కలేదు మనుషులకి," అని అమ్మ ఫోను పెట్టేసింది. ఆ మాట తననే అన్నదనుకున్నాడు వాచీలాయన.

గురువారం దుకాణం తెరవలేదు. పొద్దున్నే బావమరిది మళ్ళీ రంగంలోకి దిగి, ఏడు విభాగాల అధికారులనూ ఒకేసారి రప్పించాడు. ఎలా రప్పించాడంటే, ప్రతి ఒక్కరికీ విడివిడిగా "మీ తొట్టి మీద పక్క విభాగం వాళ్ళు చెయ్యేశారండీ" అని చెప్పాడు. పది నిమిషాల్లో అందరూ గేటు ముందున్నారు. వాచీలాయన భార్య కాఫీలు గోడ మీదుగా అందించింది.

"తొట్టి సిమెంటుదండీ. సిమెంటైతే మా వీధుల విభాగానిదే," అన్నాడు ఇంజనీరు.

"లోపలి మట్టి మాది," అన్నాడు ఉద్యానవనాలాయన.

"మట్టిలో ఉన్న తడి మాది," అన్నాడు నీటి సరఫరా ఆయన.

"తడి మీదే, దోమలు మావి," అంది ఆరోగ్యాధికారిణి.

"ఇంకా పుట్టలేదు కదండీ."

"పుట్టాక మావి. అప్పటిదాకా మీవి."

పారిశుధ్యం ఆయన బుట్ట తనదనీ, బుట్ట తగిలించిన కొక్కెం ఎవరిదో తేల్చాలనీ అన్నాడు. నంబర్ల గుమాస్తా, మీరంతా ఒకరి ఇంటి ముందు నిలబడి ఆ ఇంటినే పంచుకుంటున్నారు, నివాసి అనుమతి ఉందా అని మందారాన్ని చూపించాడు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంది వ్యవహారం. ఇంజనీరు సుద్దముక్క తీసి తొట్టి మీద సరిహద్దులు గీయడం మొదలుపెట్టాడు.

వాచీలాయన గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, అమ్మా. రేపు పదింటికి మా అమ్మ చక్రాల కుర్చీలో వస్తుందండీ. తొట్టి ఎవరిదైనా కానివ్వండి. మీరందరూ కలిసి ఒక్క రెండడుగులు పక్కకి జరిపించండి. నేను అడిగేది అంతే."

అందరూ ఆయన వైపు జాలిగా చూశారు. ఇంజనీరే నెమ్మదిగా విడమరచి చెప్పాడు. తొట్టిని జరిపితే మొక్క కదులుతుంది, అది శిక్షార్హం. కొళాయి ఊడుతుంది, అది నీటి సరఫరా ఆయన ఒప్పుకోడు. బాణం గుర్తు దారి తప్పుతుంది, అది తను ఒప్పుకోడు. ఎవరికి వారు తమ భాగాన్ని జరుపుకోవచ్చు, కాని మొత్తం తొట్టిని జరిపే అధికారం ఇక్కడ ఎవరికీ లేదు.

"మరి కమిషనరుగారు?"

"ఆయన ఉత్తర్వివ్వాలంటే పాలకమండలి తీర్మానం కావాలండీ."

"పాలకమండలిని అడుగుదాం."

"వాళ్ళు తీర్మానించాలంటే కమిషనరుగారి నివేదిక కావాలండీ."

"ఆ నివేదికే అడుగుదామండీ."

"తీర్మానం చేస్తే ఆయన తప్పకుండా రాస్తారండీ."

అంతసేపూ ఒక మనిషి మాట్లాడకుండా వెనకాల నిలబడి ఉన్నాడు. ఆయన నగర ప్రణాళికాధికారి. తొట్టిలో ఆయనకు పంచడానికి ఏమీ మిగల్లేదు, అది ఆయన ముఖంలో కనపడుతూనే ఉంది. ఆయన సంచిలోంచి ఒక పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని పేజీ తిప్పి, చదివాడు. "ముప్పై ఒకటో నిబంధన. నంబరు గల ప్రతి నగరపాలక ఆస్తికీ చుట్టూ అయిదడుగుల ఖాళీ స్థలం ఉండవలెను."

టేపు తీసి తొట్టి అంచు నుంచి లాగాడు. టేపు గేటు దాటింది, గేటు పక్క గోడ కూడా దాటింది, లోపల వాకిట్లోకి పోయి ఆగింది.

"ఈ గేటూ గోడా ఎవరివండీ?"

వాచీలాయనకు అబద్ధమాడడం అలవాటు లేదు. ఫోనులో అమ్మతో ఆడిన ఒక్క అబద్ధమే ఇంకా గొంతులో ముల్లులా ఉంది. "నావేనండీ. పూర్తిగా నావే. మరెవరికీ సంబంధం లేదు," అన్నాడు.

ఏడుగురి ముఖాల్లోనూ ఒక్కసారిగా వెలుగు వచ్చింది. నాలుగు రోజులుగా వాళ్ళు వెతుకుతున్నది దొరికింది: ఒక్కడికే చెందిన వస్తువు. సంతకాలు చకచకా పడ్డాయి. ఒకరికొకరు కలాలు అరువిచ్చుకున్నారు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి గేటు, దానికి అటూ ఇటూ ఉన్న గోడ తొలగించడానికి ఏకగ్రీవంగా నిర్ణయమైంది. బావమరిది ఉత్తర్వు పట్టుకుని, ఏడు జిరాక్సులు తీయడానికి తన దుకాణానికే వెళ్ళాడు.

వాచీలాయన గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. తొట్టి తీయమంటే గోడ తీస్తామన్నారు. అమ్మ వచ్చే వేళకి ఇల్లు శిథిలాలతో నిండి ఉంటుంది. కుదుపు తగలకూడదన్న మనిషిని రాళ్ళ గుట్టల మీదుగా ఎలా తెస్తాడు? చాలాసేపు ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుని, ఆఖరికి అక్కకు చేశాడు.

"అక్కా, రేపు నువ్వు కూడా ఆసుపత్రికి రా. అమ్మని నువ్వే తీసుకెళ్ళాల్సొచ్చేలా ఉంది."

"చెప్పానా?" అంది అక్క.

చెప్పింది, నిజమే. ఫోను పెట్టేశాక కళ్ళు తుడుచుకుంటుంటే భార్య చూసింది, చూడనట్టు కొంగుతో కొళాయి ఇత్తడి తుడుస్తూ కూర్చుంది.

శుక్రవారం చెప్పిన వేళకు, చెప్పినట్టే వచ్చారు. ఆ కార్యాలయ చరిత్రలో అన్న వేళకు జరిగిన పని అదొక్కటేనని బావమరిది తర్వాత ఎందరికో చెప్పాడు. గేటు ఊడదీసి లోపల ఆనించారు. గోడ అటు అయిదడుగులు, ఇటు అయిదడుగులు కూల్చారు. కూల్చిన మట్టీ ఇటుకలూ వీధిలో వదలడం నేరం కాబట్టి, పారిశుధ్యం ఆయన స్వయంగా నిలబడి మొత్తం వాకిట్లోకి ఎత్తిపోయించాడు. కుప్పగా వదిలితే నీళ్ళు నిలిచి దోమలు చేరతాయని ఆరోగ్యాధికారిణి దాన్ని చదును చేయించింది. గుమ్మం వైపు ఎత్తుగా, వీధి వైపు పల్లంగా ఉండాలి, నీళ్ళు మా రోడ్డు మురికికాలువలోకి పోవాలి అని ఇంజనీరు దిమ్మిసతో గట్టిగా కొట్టించాడు. ఉద్యానవనాలాయన మిగిలిన మట్టి పైన పరిపించి నీళ్ళు చల్లించాడు. తొమ్మిదీ నలభైకి అందరూ వెళ్ళిపోయారు.

వాచీలాయన దుమ్ములో నిలబడి చూస్తూ ఉన్నాడు. ఎంతసేపటికో ఆయన చేతికి జేబులోని టేపు తగిలింది. అలవాటుకొద్దీ తీసి కొలిచాడు. తొట్టికి పక్కగా దారి ఏడడుగులుంది. కుర్చీకి కావలసింది ఇరవై ఏడంగుళాలు. వీధి నుంచి గుమ్మం దాకా నేల నున్నగా, వాలుగా, వడ్రంగి జన్మలో చేయలేనంత చక్కగా పైకి పోతోంది. ఆయన ఇంకా రెండోసారి కొలుస్తుండగానే ఆసుపత్రి వ్యాను వచ్చి ఆగింది.

ముందు అక్క దిగింది. అమ్మ బట్టల పెట్టె సర్దుకుని, అట్నుంచి అటే పోదామన్న హడావుడిలో దిగింది. దిగి, లేని గోడను చూసి అలాగే నిలబడిపోయింది. వెనకాల నర్సు వాలుబల్ల దించి అమ్మ కుర్చీని కిందికి జార్చింది. అమ్మ కూడా చూసింది. గోడను కాదు, తొట్టిని.

"వచ్చిందే," అంది అమ్మ. "మరి చీమ కూడా రాలేదన్నావేరా?"

వాచీలాయనకు అర్థం కాలేదు.

"సిమెంటు పనివాడికి ఆసుపత్రి నుంచే ఫోను చేసి చెప్పానురా. ఇక వంగి మొక్కలకి నీళ్ళు పోసే యోగం నాకు లేదు కదా. కుర్చీలో కూర్చుంటే చెయ్యందేంత ఎత్తులో ఒక తొట్టి చేసి, తెల్లారేసరికి మా గేటు లోపల దింపమన్నాను. మర్చిపోతాడేమోనని, ఇంటి నంబరు పద్నాలుగు, దాని మీదే రాసుకోరా అన్నాను. గేటు తాళం వేసుంటే బయటే దింపి పోయినట్టున్నాడు."

వాచీలాయన భార్య భర్త వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కాకతాళీయం అనే మాట మొత్తం ఉంది.

అమ్మ కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాపితే మందారం ఆకు అందింది. ఇంకాస్త చాపితే కొళాయి అందింది. తిప్పితే నీళ్ళొచ్చాయి. ఎండిన ఆకొకటి గిల్లి పక్కనున్న బుట్టలో వేసింది. వెనక్కి తిరిగి, కూలిపోయిన గోడలోంచి కనపడుతున్న తన కిటికీని చూసుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేనడిగింది ఒక్క తొట్టేరా చిన్నాడా. మొక్క నాటించావు, కొళాయి పెట్టించావు, బుట్ట తగిలించావు. మంచం మీంచి వీధి కనపడేలా గోడ తీయించావు, కుదుపు లేకుండా దారి పోయించావు. నాలుగు రోజుల్లో ఇదంతా ఒక్కడివే ఎలా చేశావురా?"

అక్క చుట్టూ చూసింది. తప్పు పట్టడానికి ఎక్కడా ఏమీ దొరకలేదు. "బాగానే చేయించావు తమ్ముడూ," అంది మెల్లగా. "సున్నం వేయించిన గదిలో నేనే పడుకుంటాలే."

రొట్టె విరిగి నేతిలో పడింది. అయినా వాచీలాయన వాచీలాయనే కాబట్టి నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. భార్య ఆయన కాలు తొక్కింది. ఆయన నోరు మూసుకుని, అమ్మ కుర్చీ వెనక చేతులు వేసి, ఆ వాలు మీద మెల్లగా, ఒక్క కుదుపు కూడా లేకుండా గుమ్మం దాకా తోసుకుపోయాడు. తోస్తున్నంతసేపూ ఆయన ముఖం నవ్వుతూనే ఉంది.

సోమవారం ఉదయం పోస్టాయన 14/1 నంబరు చిరునామా చూసుకుని, నగరపాలక సంస్థ నుంచి వచ్చిన ఒక కవరు మందారం మొదట్లో గుచ్చిపోయాడు. అందులో ఇలా ఉంది: "అయ్యా, ఏ తొట్టో స్పష్టంగా పేర్కొనని కారణంగా, మీ దరఖాస్తుపై ఏ విభాగమూ ఎటువంటి చర్యా తీసుకోలేదని తెలియజేయడమైనది."